బొట్టు మీద బొట్టు

కాళ్ళు కడుక్కున్నావా? తుడుచుకున్నావా? తడి కాళ్ళతో పక్క ఎక్కితే కథ లేదు, ముందే చెబుతున్నాను. మంచినీళ్ళు ఇప్పుడే తాగెయ్. మధ్యలో అడిగితే నేను లేవను. తాగావా? సరే, ఇటు తిరుగు. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో.

అనగనగా ఒక కొండ. దాని పేరు దుప్పికొండ. ఆ కొండకి ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు. ఇటు ఊరి పేరు గుమ్మడివలస. అటు ఊరి పేరు పనసపాడు. రెండు ఊళ్ళకీ మధ్య కొండ తప్ప ఇంకేమీ లేదు. బండి దారి లేదు, గుర్రం దారి లేదు. మనిషి కాలు పట్టేంత సన్నటి బాట ఒకటి ఉండేది. ఆ బాట కూడా గడ్డిలో కాసేపు కనిపించేది, రాళ్ళలో కాసేపు మాయమయ్యేది.

గుమ్మడివలసలో జోగన్న అని ఒకాయన ఉండేవాడు. ఆ బాట చూసుకోవడం ఆయన పని. ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ పొమ్మనలేదు. వాళ్ళ అమ్మ చూసింది కనుక ఆయన చూశాడు. అంతే.

జోగన్నకి ఒక్కతే కూతురు. పేరు ముత్యాలు. తల్లి ముత్యాలు చిన్నప్పుడే పోయింది. తండ్రి, కూతురు చోడి చేను, అదే రాగి చేను, చేసుకుని, అంబలి కాచుకుని బతికేవాళ్ళు. వాళ్ళింట్లో ఒక కుక్క కూడా ఉండేది. నల్లగా, గుండ్రంగా, పొట్టిగా ఉండేది. దానికి మిరియం అని పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టే కాస్త ఘాటు. దాని తోక తొక్కినవాడు మళ్ళీ తొక్కేవాడు కాదు.

బాట చూసుకోవడమంటే ఏమిటో చెబుతాను, విను.

వానలు ఆగి, దసరా వెళ్ళగానే, జోగన్న సున్నం కలిపేవాడు. గుల్లలు కాల్చి చేసిన సున్నం. దాన్ని వెదురు గొట్టంలో పోసి, మూతకి గుడ్డ కట్టి, భుజాన వేసుకునేవాడు. బొటనవేలికి ఆముదం రాసుకునేవాడు, సున్నం చర్మాన్ని తినెయ్యకుండా. అప్పుడు ముత్యాల్ని పిలిచేవాడు. మిరియాన్ని పిలిచే పని లేదు. ఆముదం వాసన తగలగానే అది గుమ్మంలో నిలబడి ఉండేది.

ముగ్గురూ కొండెక్కేవాళ్ళు. ముందు మిరియం, వెనక జోగన్న, ఆ వెనక ముత్యాలు. కొండ మీద ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కారు. గాలి వినిపించేది. కాళ్ళ కింద ఎండు వెదురాకు వినిపించేది. మిరియం ముందుకు పరిగెత్తి, కనపడకుండా పోయి, దారి చీలే చోట ఆగి కూర్చునేది. వెనక్కి చూస్తూ ఉండేది. వీళ్ళిద్దరూ వచ్చేదాకా కదిలేది కాదు.

"చూశావా, పెద్దాయన మన కోసం ఆగాడు," అనేవాడు జోగన్న. కొండ మీద ఆయన ఆడే మాట అదొక్కటే.

అప్పుడు జోగన్న బొటనవేలు సున్నంలో ముంచి, అక్కడి రాయి మీద గట్టిగా అద్దేవాడు. ఒక్క బొట్టు. నుదుటి మీద బొట్టంత, కాకపోతే కాస్త పెద్దది. అది ఉన్న వైపు నడవాలి. అది లేని వైపు నడవకూడదు. అదే గుర్తు.

అంత పెద్ద కొండ మీద మొత్తం మూడే బొట్లు. ఒకటి జోడురాళ్ళ దగ్గర. రెండోది ఉసిరి మలుపు దగ్గర. మూడోది అన్నిటికంటే పైన, గాలిగండిలో.

ఊళ్ళో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "ఇంత కొండకి మూడు బొట్లేనా జోగన్నా? సున్నం దగ్గర కూడా పిసినారితనమేనా?"

జోగన్న నవ్వేవాడు కాదు. "మనిషికి అనుమానం వచ్చే చోట బొట్టు కావాలి. అనుమానం రాని చోట కూడా పెడితే కళ్ళు మూసుకుని నడుస్తారు. కొండ మీద కళ్ళు మూసుకుని నడిచేవాడికి బొట్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే," అనేవాడు.

అమ్మలూ, ఈ మాట గుర్తుపెట్టుకో. పక్కవాళ్ళకి సాయం చెయ్యడమంటే వాళ్ళని ఎత్తుకుని మొయ్యడం కాదు. వాళ్ళకి తెలియని చోట ఒక్క మాట చెప్పడం.

ఏమిటీ? మిరియం బొట్టు నాకేదా? భలే అడిగావు. ఒకసారి నాకబోయింది. "పోరా, నాలుక కాలుతుంది!" అని జోగన్న కసిరాడు. అప్పటి నుంచి నాకేది కాదు, వాసన చూసేది. ప్రతి బొట్టునీ వాసన చూసి, ఒకసారి తుమ్మి, ఆ తర్వాతే ముందుకు పోయేది.

ఇలా చాలా ఏళ్ళు గడిచాయి. ముత్యాలు పెద్దదైంది. ఏ రాయి వెనక ఏ చెట్టు ఉందో, ఏ చెట్టు వెనక ఏ లోయ ఉందో ఆమెకి తెలుసు. నాన్న వీపు చూస్తూ నడవడం తెలుసు. నాన్న వీపు లేకుండా నడవడం మాత్రం తెలియదు.

ఒక ఏడు వానాకాలంలో జోగన్నకి జ్వరం వచ్చింది. కషాయం ఇచ్చారు, తగ్గలేదు. పసరు పోశారు, తగ్గలేదు. మొక్కు మొక్కారు, తగ్గలేదు. చివరికి ఆయన ముత్యాల్ని దగ్గరికి పిలిచాడు. ఏడవకు అనలేదు. జాగ్రత్తగా ఉండు అనలేదు.

"దసరా వెళ్ళగానే బొట్లు పెట్టు తల్లీ. వానకి పలచబడి ఉంటాయి," అన్నాడు.

అంతే అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

పనసపాడు నుంచి ఆయన అక్క నూకాలు వచ్చింది. ముత్యాలుకి మేనత్త. ముసలిది, కళ్ళు సరిగ్గా ఆనవు, నోట్లో రెండే పళ్ళు మిగిలాయి. నోరు మాత్రం పూర్తిగా ఉంది. కర్మకాండ అయ్యాక నూకాలు, "నాతో వచ్చెయ్ పిల్లా. ఒక్కదానివి ఇక్కడేం చేస్తావు?" అంది.

"రాను అత్తా. నాన్న బాట ఎవరు చూస్తారు?" అంది ముత్యాలు.

మంచి మాటే అంది. కానీ మంచి మాట అనడం తేలిక. ఏమైందో చూడు.

దసరా వెళ్ళింది. ముత్యాలు సున్నం కలిపింది. వెదురు గొట్టం భుజాన వేసుకుంది. బొటనవేలికి ఆముదం రాసుకుంది. వాసన తగలగానే మిరియం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముత్యాల్ని చూసింది. ఆమె వెనక ఇంట్లోకి చూసింది. లోపల్నుంచి ఇంకెవరూ రాలేదు. అది కదల్లేదు.

"పద మిరియం," అంది ముత్యాలు. అప్పుడు కదిలింది.

ఇద్దరూ జోడురాళ్ళ దగ్గరికి చేరారు. రాయి మీద నాన్న బొట్టు ఉంది. వానకి కాస్త పలచబడింది, అయినా ఉంది. ముత్యాలు దగ్గరికి వెళ్ళి చూసింది. బొట్టులో నాన్న వేలి గీతలు కనిపించాయి. ఆయన బొటనవేలికి అడ్డంగా ఒక కొడవలి గాటు ఉండేది. ఆ గాటు కూడా బొట్టులో పడింది, సన్నటి గీతలా.

ఇన్నేళ్ళూ ఆమె ఆ గీత చూడలేదు. చూడవలసిన అవసరం రాలేదు. వేలే పక్కన ఉన్నప్పుడు వేలిముద్ర ఎవరు చూస్తారు?

ముత్యాలు తన వేలు సున్నంలో ముంచింది. రాయి దాకా తెచ్చింది. అద్దితే ఆ గీత పోతుంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇంకా తెల్లగానే ఉందిగా," అనుకుంది. వేలు గడ్డికి తుడిచేసుకుంది.

ఆ తర్వాత ఉసిరి మలుపుకి చేరారు. అక్కడా నాన్న వేలు, అక్కడా ఆ గీత. "వచ్చేటప్పుడు పెడతాలే," అనుకుంది. దాటిపోయింది.

ఆ తర్వాత గాలిగండి ఎక్కారు. అక్కడ గాలి ఎప్పుడూ ఏదో పిలుస్తున్నట్టు ఉంటుంది. అక్కడ సాకు కూడా దొరకలేదు. రాయికి చెంప ఆనించి ఏడ్చింది. మిరియం బొట్టు వాసన చూసింది. తుమ్మలేదు. ఎక్కి వచ్చిన బాట వైపు తిరిగి కూర్చుంది. ఎంత పిలిచినా లేవలేదు. జోగన్న వెనకపడ్డాడని, వస్తున్నాడని దాని నమ్మకం. చివరికి ముత్యాలు దాన్ని చంకనెత్తుకుని కొండ అవతలికి దిగింది.

పనసపాడులో మేనత్త గుమ్మంలోనే అడిగింది. "బొట్లు పెట్టావా తల్లీ?"

"పెట్టాను అత్తా," అంది ముత్యాలు.

అబద్ధం ఆడింది. అవును, నువ్వు విన్నది నిజమే. అబద్ధమే. నాన్న మీద బెంగతో ఆడింది. బెంగతో ఆడినా అబద్ధం అబద్ధమే. దాని పని అది చేస్తుంది, చూస్తూ ఉండు.

ఆ ఏడంతా ముత్యాలు వీలైనప్పుడల్లా కొండెక్కేది. నడవడానికి కాదు, చూడడానికి. జోడురాళ్ళ దగ్గర కాసేపు కూర్చునేది. ఉసిరి మలుపులో కాసేపు కూర్చునేది. గాలిగండిలో పొద్దు వాలేదాకా కూర్చునేది. బొట్టు మీద పడిన ఆకుల్ని పైట చెంగుతో తుడిచేది. మిరియం ఎప్పుడూ వచ్చిన దారి వైపే తిరిగి కూర్చునేది. మనిషి రాయిని చూస్తూ, కుక్క దారిని చూస్తూ. ఇద్దరూ ఒక్కడి కోసమే.

చేలో కలుపు పెరిగింది. ఇరుగమ్మ, "కొండ మీద ఏం పాతిపెట్టావే పిల్లా, రోజూ పోతున్నావు?" అని కూడా అడిగింది.

మళ్ళీ వానలు దగ్గరపడ్డాయి. మొదటి చినుకులకే ఉసిరి మలుపులోని బొట్టు కరగడం మొదలైంది. మిగతా రెంటికీ పైన రాయి చూరులా ముందుకు వచ్చి ఉంది. దీనికి అది లేదు. వాన నేరుగా కొడుతుంది. అంచున ఒక పక్క అప్పుడే చెదిరింది.

ముత్యాలు అది చూసింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి అడ్డాకులు కోసుకొచ్చింది. విస్తళ్ళు కుట్టినట్టు వాటిని ఈనెలతో ఒకటిగా కుట్టింది. ఆ ఆకుల గొడుగుని నాన్న బొట్టు మీద కప్పి, పైన తీగతో రాయికి గట్టిగా బిగించి కట్టింది. ఒక్క చుక్క కూడా లోపలికి పోకుండా కట్టింది.

"ఇక నిన్ను వాన ముట్టుకోదు నాన్నా," అంది.

ఏం చేసిందో అర్థమైందా? బాటన పోయేవాళ్ళు చూడాలని పెట్టిన బొట్టు అది. దాన్ని బాటన పోయేవాళ్ళకే కనపడకుండా కప్పేసింది. ఎంత ప్రేమగా కప్పిందో అంత గట్టిగా కప్పింది.

వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ దసరా వెళ్ళింది. ముత్యాలు ఉసిరి మలుపుకి వెళ్ళి ఆకులు ఎత్తి చూసింది. గీత అలాగే ఉంది. సంతోషించింది. ఎండిన ఆకులు తీసి, పచ్చి ఆకులు కట్టి, ఇంటికి వచ్చేసింది. ఆ ఏడు సున్నం కలపనే లేదు.

ఆ తర్వాత చోళ్ళు కోతకొచ్చాయి. కొత్త చోళ్ళ అంబలి తాగడానికి మేనత్త ఏటా వచ్చేది. ఫలానా రోజు వస్తానని చెప్పేది కాదు. చేతికర్ర ఊపుకుంటూ ఒకరోజు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. జోగన్న పోయాక కూడా ఆమె మానలేదు. ముత్యాలు ఆమె కోసం కొత్త కుండ కడిగి పెట్టింది.

ఒకరోజు పొద్దున్నే పనసపాడు నుంచి తేనె అమ్ముకునే కన్నయ్య వచ్చాడు. కావిడి దించి, "ఏదీ మీ అత్త? రాత్రి అంబలి ఎక్కువై ఇంకా లేవలేదా?" అన్నాడు నవ్వుతూ.

"అత్త రాలేదే," అంది ముత్యాలు.

కన్నయ్య నవ్వు ఆగిపోయింది. "రాకపోవడమేమిటి? నిన్న పొద్దున్నే బయల్దేరింది. నా ఎదురుగానే బయల్దేరింది. తోడు రమ్మంటావా అంటే, నీ నడకకి నేను ఆగలేను పోరా అని నన్నే తిట్టింది."

ముత్యాలు చేతిలోని చేట కింద పడింది. చోళ్ళు ముంగిలంతా చిమ్మాయి. ఆమె చూడలేదు. "మిరియం!" అని పిలిచి, కొండ వైపు పరిగెత్తింది. కన్నయ్య ఊళ్ళో మనుషుల్ని పిలుచుకురావడానికి పోయాడు.

కొండంతా పొగమంచు. పక్క చెట్టు పక్కకి వస్తే గాని కనిపించడం లేదు.

జోడురాళ్ళ దగ్గర ముత్యాలు ఆగింది. "అత్తా!" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. ఆ రాయి మీద బొట్టు వైపు చూసింది. ఆ మంచులో, అంత దగ్గర్నుంచి, ఎక్కడుందో తెలిసిన తనకే వెతికితే గాని దొరకలేదు.

అప్పుడు ఉసిరి మలుపుకి పరిగెత్తింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి గుమ్మడివలసకి వచ్చేది. రెండోది వాగులోకి దిగేది. అటు నుంచి వచ్చేవాళ్ళకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే వాగులోకి దిగేదే కాస్త వెడల్పు. పశువులు నీళ్ళకి దిగి దిగి వెడల్పయింది.

రాయి మీద ఆకుల గొడుగు ఉంది. తన చేత్తో కట్టిందే. దాని మీద తడి మట్టి వేళ్ళ గుర్తులు ఉన్నాయి. ఎవరో ఆ రాయిని తడిమారు. పైనుంచి కిందకి, కిందనుంచి పైకి తడిమారు.

ముత్యాలుకి అంతా తెలిసిపోయింది. కళ్ళు ఆనని ముసలిది ఆ రాయి దగ్గర నిలబడి, తమ్ముడి బొట్టు కోసం వెతికి ఉంటుంది. ముత్యాలు పెట్టిందని నమ్మి వెతికి ఉంటుంది. ఆకులు తగిలి, ఇది ఆ రాయి కాదేమో అనుకుని ఉంటుంది.

"అత్తా!" అని రెండోసారి అరిచింది. లోయ ఆమె గొంతునే తిరిగి ఇచ్చింది.

మిరియం నేలకి ముక్కు ఆనించింది. ఒకసారి ఇటు వెళ్ళింది, ఒకసారి అటు వెళ్ళింది. ఆ తర్వాత తోక నిటారుగా లేపి వాగు దారిలోకి దిగింది. అది ఎప్పుడూ ఆ దారిలో దిగలేదు. ఆ దారికి బొట్టు లేదు. అయినా దిగింది. ముత్యాలు దాని వెనకే రాళ్ళు పట్టుకుని, చెట్ల వేర్లు పట్టుకుని దిగింది.

"అత్తా!" అని మూడోసారి పిలిచింది. ఈసారి మిరియం మొరిగింది. దాని మొరుగుకి కింద నుంచి ఒక గొంతు జవాబు చెప్పింది.

"అరవకురా నల్లవెధవా! వినపడుతోంది! చెవులు బాగానే ఉన్నాయి, కాలే విరిగినట్టుంది!"

ఒక బండరాయి కింద తొర్రలాంటి చోట నూకాలు ముడుచుకుని కూర్చుని ఉంది. దుప్పటి తడిసి ముద్దయింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. మిరియం వెళ్ళి ఆమె మొహమంతా నాకేసింది.

"ఇంతసేపా పిల్లా? చలికి వణికి వణికి, ఉన్న రెండు పళ్ళూ రాలిపోయేట్టున్నాయి," అంది నూకాలు. ముత్యాల్ని దగ్గరికి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు. ఆమె చేతులు చల్లటి రాళ్ళలా ఉన్నాయి. ముత్యాలు వాటిని తన బుగ్గల మధ్య పెట్టుకుని వేడి చేసింది.

"బొట్టు కోసం చూశాను తల్లీ. రాయి అంతా తడిమాను. ముసలిదాన్నైపోయాను, కనపడలేదు," అంది నూకాలు.

ఊరుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. ముసలిదాని కళ్ళ మీదికి తప్పు పోయేది. ముత్యాలు ఊరుకోలేదు. అందుకే ఈ పిల్ల కథ నీకు చెబుతున్నాను, లేకపోతే చెప్పేదాన్నే కాదు.

"నీ కళ్ళు కాదు అత్తా. నేను పెట్టలేదు. పోయిన ఏడూ పెట్టలేదు, ఈ ఏడూ పెట్టలేదు. పెట్టానని నీతో అబద్ధం చెప్పాను. పైగా నాన్న బొట్టు మీద ఆకులు కప్పాను. నాన్న గీత పోతుందని," అంది.

నూకాలు చెయ్యి చాపింది. "నన్ను లేపు," అంది.

ముత్యాలు ఆమెని వీపున వేసుకుంది. మిరియం ముందు నడిచింది. ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ నడిచింది. ఎంతో కష్టం మీద ఉసిరి మలుపుకి ఎక్కారు. రాయి దగ్గర నూకాలు దించమంది. ఒంటికాలి మీద నిలబడి, తీగ తెంపి, ఆకుల గొడుగు పీకి అవతల పారేసింది.

నాన్న బొట్టు బయటపడింది. నూకాలు మొహం దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. వేలితో ఆ గాటు గీత తడిమింది. "ఎర్రి నాగన్నా," అంది. తమ్ముడిని చిన్నప్పుడు అలా పిలిచేదట.

ఆ తర్వాత ఆమె కొప్పులోంచి పిన్ను తీసింది. బొట్టు అంచున, చెదిరిన చోట, కొద్దిగా గీకింది.

"అత్తా, వద్దు!" అంది ముత్యాలు.

"నోరు మూసుకుని చూడు."

గీకిన చోట పైన తెల్లటి పొర ఉంది. దాని కింద ఇంకో పొర ఉంది, కాస్త పసుపుగా. దాని కింద ఇంకోటి, పాత ఎముక రంగులో. పొర మీద పొర, పొర మీద పొర, అట్టు మీద అట్టు పేర్చినట్టు ఉంది.

"ఈ పైది మీ నాన్నది. ఈ కిందది మా అమ్మది. ఆ కిందది ఎవరిదో నాకూ తెలియదు. మొదట ఇక్కడ బాట వేసిన మహాతల్లి ఎవరో," అంది నూకాలు. "మా అమ్మ పోయిన ఏడు మీ నాన్న కూడా ఇక్కడికొచ్చి నీలాగే నిలబడిపోయాడు. సున్నం చేతిలో గట్టిపడిపోతోంది, వాడు కదలడు. అమ్మని చెరిపేస్తున్నానక్కా అని ఏడుపు. నేను చెంప మీద ఒకటిచ్చాను."

"కొట్టావా?"

"కొట్టక? చెరపట్లేదురా, కింద దాస్తున్నావు అన్నాను. అమ్మ మీద పెట్టు, నీ బొట్టు నిలబడుతుంది. ఉత్త రాయి మీద పెడితే మొదటి వానకే రాలుతుంది అన్నాను. అప్పుడు పెట్టాడు." నూకాలు రాయికి ఆనుకుని, "నిన్ను కొట్టే ఓపిక లేదు. నిన్నటి నుంచి ఏమీ తినలేదు," అంది.

ముత్యాలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "సున్నం తేలేదు అత్తా. పరిగెత్తుకొచ్చాను."

నూకాలు నడుముకున్న సంచీలోంచి చిన్న సున్నపు కాయ తీసింది. ఆకూవక్కలోకి పెట్టుకునే సున్నం. "పళ్ళు లేకపోయినా దంచుకుని వేసుకుంటాను. సున్నం లేకుండా గడప దాటతాననుకున్నావా?" అంది.

ముత్యాలు బొటనవేలు సున్నంలో ముంచింది. నాన్న బొట్టు ముందు నిలబడింది. గీతని చివరిసారి చూసుకుంది. కళ్ళ నిండా చూసుకుంది. ఈసారి సాకు చెప్పుకోలేదు. వేలు అద్దింది.

అద్దినప్పుడు వేలికి ఒక గుంట తగిలింది. ఏళ్ళ తరబడి నాన్న అక్కడే నొక్కగా నొక్కగా పడిన గుంట. అందులో ఆమె వేలు దిగింది. దిగింది గాని నిండలేదు. చుట్టూ ఇంకా చోటు మిగిలింది.

చెయ్యి తీసి చూసింది. మధ్యలో తన బొట్టు తడితడిగా మెరుస్తోంది. దాని చుట్టూ నాన్న పాత సున్నం సన్నటి అంచులా మిగిలింది. చందమామ చుట్టూ గుడి కట్టినట్టు.

అప్పుడు మిరియం వచ్చింది. కొత్త బొట్టు వాసన చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత గట్టిగా తుమ్మింది. జోగన్న పోయాక అది బొట్టు దగ్గర తుమ్మడం అదే మొదటిసారి.

తుమ్మి, ఎప్పటిలాగే బాట వైపు వెనక్కి చూసింది. ఇక కూర్చుంటుంది, ఇక కదలదు అనుకుంది ముత్యాలు. మిరియం కూర్చోలేదు. ఒక్కసారి చూసి, మొహం తిప్పుకుని, ఇంటి దారిలో ముందుకు నడిచింది.

అది వెనక్కి చూడడం ఆ తర్వాత కూడా మానలేదు, అమ్మలూ. బతికినన్నాళ్ళూ చూస్తూనే ఉంది. ఆగిపోవడం మాత్రం మానింది.

దారిలో కన్నయ్య, ఊరివాళ్ళు డోలీ తీసుకుని ఎదురొచ్చారు. జోడురాళ్ళ దగ్గర ముత్యాలు డోలీ ఆపించి రెండో బొట్టు పెట్టింది. "ఇప్పుడా తల్లీ, ముసలమ్మ చలికి వణుకుతుంటే?" అన్నాడు కన్నయ్య. "ఇప్పుడే!" అని డోలీలోంచి నూకాలు అరిచింది. ఆమెకి కాలు నయమైంది, చలికాలమంతా ముత్యాలు చేతి అంబలి తాగి, మళ్ళీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందర్నీ తిట్టేటంత బలం వచ్చింది. మూడో బొట్టు మాత్రం ముత్యాలు ఆ మర్నాడే పెట్టింది, గాలిగండిలో. అక్కడ గాలి ఇంకా పిలుస్తూనే ఉంది. పెట్టి, కాసేపు విని, దిగి వచ్చేసింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ దసరా వెళ్ళగానే ముత్యాలు సున్నం కలిపింది. ఒళ్ళు బాగున్నా పెట్టింది, బాగులేకపోయినా పెట్టింది. మనసు బాగున్నా పెట్టింది, బాగులేకపోయినా పెట్టింది. పని అంటే అదే. ఆ బాటన కొత్త కోడళ్ళు వచ్చారు, పసిపిల్లలు తల్లుల చంకల్లో వచ్చారు, ఉప్పు అమ్మేవాళ్ళు వచ్చారు. బొట్టు చూసుకుని తిరగవలసిన వైపు తిరిగారు. ఎవరు పెట్టారని ఒక్కరూ అడగలేదు. దారి తప్పినవాడే అడుగుతాడు.

ఏమిటి? ముత్యాలుకి వాళ్ళ నాన్న మళ్ళీ కనిపించాడా?

లేదు. పోయినవాళ్ళు కనిపించరు. కథ కదా అని నీకు అబద్ధం చెప్పను. కానీ ఏటా ఉసిరి మలుపులో వేలు అద్దేటప్పుడు ఆమెకి ఆ గుంట తగిలేది. ఏటికేడు సున్నం పడి అది పూడుతూ వచ్చింది. ఆమె వేలు కూడా పనిచేసి పనిచేసి మొద్దుబారి లావైంది. ఒక ఏడు వేలు అద్దితే గుంట అంచు దాకా నిండిపోయింది. ఎక్కడా చోటు మిగల్లేదు. ఆ రోజు ముత్యాలు వేలు తియ్యకుండా, కొండ మీద చాలాసేపు అలాగే నిలబడిపోయిందట. మిరియం అప్పటికి లేదు. దాని మనవడు, అదే నలుపు, అదే పొట్టి, ముందు చీలిక దగ్గర కూర్చుని ఆమె కోసం ఆగాడు.

ఇప్పుడు ఆ బొట్లు ఎవరు పెడుతున్నారా? ఎవరి వంతు వస్తే వాళ్ళు. నీ వంతు వస్తే నువ్వు. ఇక మాటలు చాలు, అటు తిరిగి పడుకో.

కుక్క ఇంటి బాట పట్టింది,
కథ కంచి బాట పట్టింది,
కునుకు నీ కంటి బాట పట్టింది.